విశాఖలో తుపాను, హిమాలయాల్లో మంచు: మన చేనుకి ముందే ఎలా తెలుస్తుంది?



పై వీడియోలో చేను గట్టు మీద గాలికి వీపు పెట్టి, ఎడమ చెయ్యి చాపి నిలబడ్డ మనిషిని చూశారు కదా. అది నేనే. తీస్తున్నప్పుడు అటుగా వెళ్తున్న మా ఊరి పెద్దాయన ఆగి, "ఏరా అబ్బాయ్, ఎవరికిరా దారి చూపిస్తన్నావు?" అన్నారు. "తుపాను ఎటుందో చూస్తున్నా మామయ్యా" అన్నాను. "టీవీలో చెప్తన్నారు కదరా, నీ చెయ్యెందుకు" అని నవ్వుకుంటూ పోయారు. ఆయన మాటలో తప్పేం లేదు, టీవీలో చెప్తారు. కానీ టీవీలో చెప్పింది విని కూడా నేను ఓసారి ఎకరంన్నర వరి పాడు చేసుకున్నాను. ముందు ఆ సంగతి చెప్తాను, చెయ్యి సంగతి తర్వాత.

2023 డిసెంబర్. మాది అనకాపల్లికి పడమట, చోడవరం వైపు. చేను బంగారంలా పండింది. నాలుగో ఏడు ప్రకృతి సేద్యం, మొదటి రెండేళ్లలో తగ్గిన దిగుబడి అప్పుడప్పుడే లేస్తోంది. డిసెంబర్ ఒకటి శుక్రవారం. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది, బలపడుతుంది, ఐదో తేదీ ప్రాంతంలో నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుంది అని చెప్తున్నారు. నేనేం చేశానంటే, మ్యాప్ చూశాను. నెల్లూరు ఎక్కడ, మనం ఎక్కడ! కూలీలు దొరికారు, శనివారం కోయించేశాను. పనలు మూడు రోజులు ఆరితే మంగళవారం నాటికి కుప్ప వేసెయ్యొచ్చు అని లెక్క.

మిచౌంగ్ చెప్పినట్టే ఐదో తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకూ దానికీ మూడు వందల కిలోమీటర్ల దూరం. వాన మాత్రం మా చేలోనే కురిసింది. పనలు నీళ్లలో తేలాయి. మూడో రోజు తీసి చూస్తే వెన్నుల్లో తెల్లగా మొలకలు. పక్క చేను రైతు కోత మిషన్ దొరక్క అలాగే వదిలేశాడు. అతని చేను ఓ పక్కకి వాలింది గానీ గింజ దక్కింది. మిషన్ దొరకనందుకు అతను వారం రోజులు నన్ను చూసి ఏడ్చినవాడు, తర్వాత నన్ను ఓదార్చాడు.

ఇక్కడ వాతావరణ శాఖ తప్పేం లేదు. ఆ బులెటిన్ చివర్లో ఉత్తర కోస్తాకీ భారీ వర్షాలని ఉంది. నేను "తీరం దాటేది ఎక్కడ" అన్న ఒక్క వాక్యమే చదివాను. తుపాను అంటే మ్యాప్ మీద చుక్క అనుకున్నాను. అది వందల కిలోమీటర్ల వెడల్పున్న గాలి సుడి. మన తీరంలో ఆ సుడికి ఉత్తరం వైపున ఉన్నవాళ్లకి గాలి సముద్రం మీంచి తేమని మోసుకొచ్చి పోస్తుంది. దక్షిణం వైపున ఉన్నవాళ్లకి నేల మీంచి వస్తుంది. కేంద్రం నుంచి దూరం ఒకటే అయినా, ఏ పక్కన ఉన్నామన్నదాన్ని బట్టి వాన మారిపోతుంది. ఆ రోజు మేం ఉత్తరం పక్కనున్నాం.

గాలికి వీపు పెట్టండి

ఇప్పుడు చెయ్యి సంగతి. గాలి ఎటు నుంచి వస్తోందో అటు వీపు పెట్టి నిలబడితే, మన ఎడమ చేతి వైపు, కొంచెం ముందుకి, అల్పపీడనం కేంద్రం ఉంటుంది. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్న దేశాలన్నిటికీ ఇదే లెక్క. పందొమ్మిదో శతాబ్దంలో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త పేరు మీద స్థిరపడిన సూత్రం ఇది, ఓడలవాళ్లు దీన్ని నమ్ముకునే సుడిగాలుల నుంచి తప్పించుకునేవారు. మనకి ఓడ లేదు, చేను కదలదు. అయినా పనికొస్తుంది.

ఎలాగంటే, కార్తీకంలో మామూలుగా మనకి ఈశాన్యం గాలే. అది ఉన్నంత మాత్రాన తుపాను కాదు, ఈ మాట గుర్తుపెట్టుకోండి, లేకపోతే రోజూ భయపడాల్సి వస్తుంది. ఆ గాలి విడవకుండా పెరుగుతూ, తెరలు తెరలుగా విసురుతూ, తక్కువ ఎత్తు మబ్బులు పరుగులు పెడుతుంటే అప్పుడు చెయ్యి చాపండి. ఈశాన్యానికి వీపు పెడితే ఎడమ చెయ్యి ఆగ్నేయం చూపిస్తుంది, అంటే సముద్రంలోకి. కొన్ని గంటల తర్వాత మళ్లీ చూడండి. గాలి ఉత్తరానికి, అక్కణ్ణుంచి వాయవ్యానికి తిరుగుతుంటే కేంద్రం మనకి ఉత్తరంగా వెళ్లిపోతోంది. తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతుంటే కేంద్రం మనకి దక్షిణంగా దాటుతోంది. అంటే మనం తడి పక్కన ఉన్నాం. 2023లో నాలుగో తేదీ మాకు తూర్పు గాలే. చెయ్యి చాపి ఉంటే దక్షిణం చూపించి ఉండేది. అప్పటికి నాకీ లెక్క తెలీదు, తెలిసినా పనలు అప్పటికే నేల మీద ఉన్నాయనుకోండి. కనీసం ఆ సాయంత్రం కుప్ప వేసి బరకం కప్పేవాణ్ణి.

గాలి దిక్కు చూడటానికి ఇంటి పక్క జెండా, చెట్టు చాటు పనికిరావు. కొండ ఉన్నా, మిద్దె ఉన్నా గాలి దారి మళ్లుతుంది. కింద మబ్బులు ఎటు పోతున్నాయో అది చూడటం మేలు. తీరం దగ్గర మధ్యాహ్నం సముద్రపు గాలి కూడా లెక్క తప్పిస్తుంది.

గాలి దిక్కు తిరగడం అంటే ఏంటో విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్. కన్ను నగరం మీంచి వెళ్లింది. పొద్దున్నంతా ఒక దిక్కు నుంచి విరుచుకుపడిన గాలి మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగింది. జనం బయటికొచ్చారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. మొదటి గాలికి ఒరిగిన చెట్లు రెండో గాలికి పెకలిపోయాయి. మా వైపు కన్ను రాలేదు, మాకు గాలి ఉత్తరం నుంచి పడమటికి తిరిగింది. కొబ్బరి, జీడిమామిడి, అరటి, చెరకు అన్నీ పోయాయి. పైన అరకు, పాడేరు వైపు కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లు వరసలకి వరసలు పడిపోయాయి. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి అది. కైలాసగిరి మీద తుపానుని చూస్తూ ఉన్న రాడార్ కూడా ఆ గాలికే దెబ్బతింది. అంటే తుపాను నెత్తి మీదున్న వేళకి రాడార్ కూడా చూడలేని పరిస్థితి. యంత్రం లేనప్పుడు కూడా పనిచేసేది ఒకటి మన దగ్గర ఉండాలి అని నేననడం అందుకే.

ఫోనులో ఉన్న పాదరసం

పాత ఓడల్లో పాదరసం గొట్టం ఉండేది, గాలి ఒత్తిడి కొలవడానికి. ఇప్పుడు చాలా ఫోన్లలో ఆ పని చేసే చిన్న సెన్సార్ ఉంది, అన్నిట్లో లేదు. బారోమీటర్ అని వెతికితే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. అందులో వచ్చే అంకె ఎంత ఉండాలి అని అడగొద్దు. ఎత్తుని బట్టి మారుతుంది. తీరంలో వెయ్యికి పైన చూపిస్తే, ఎత్తు మీదున్న చింతపల్లిలో తొమ్మిది వందల దగ్గర చూపిస్తుంది. రెండూ సరైనవే.

చాలామంది ఇక్కడే పొరబడతారు. పొద్దున పదింటికి చూసి, సాయంత్రం నాలుగింటికి చూసి, "అమ్మో, మూడు పాయింట్లు పడిపోయింది, తుపానొస్తోంది" అని గ్రూపులో పెడతారు. మన ప్రాంతంలో ఒత్తిడి రోజూ రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది. పదింటికి ఎక్కువ, నాలుగింటికి తక్కువ, పగలూ అంతే రాత్రీ అంతే. సముద్రానికి ఆటుపోట్లున్నట్టే గాలికీ ఉన్నాయి. అందుకని ఒకటే లెక్క: నిన్న ఇదే గంటకి ఎంత, ఇవాళ ఎంత. నిన్న పదింటికన్నా ఇవాళ పదింటికి ఒకటి తక్కువుంటే ఏం కాదు. మూడు, అంతకన్నా ఎక్కువ తగ్గితే బులెటిన్ మళ్లీ తెరవండి. గంట గంటకీ తగ్గుతుంటే ఇంక బులెటిన్ కోసం చూడొద్దు, పశువులని కట్టు విప్పి ఎత్తుకి తోలండి.

చీమలు గుడ్లు మోసుకెళ్లడం, తూనీగలు కిందికి ఎగరడం గురించి కామెంట్లలో అడిగారు. నేను వాటిని కాదనను. గాలిలో తేమ పెరిగితే పురుగు పుట్రకి మనకన్నా ముందు తెలుస్తుంది. కానీ అవి చెప్పేది ఇంకో రెండు మూడు గంటల సంగతి. పనలు ఎత్తడానికి అది చాలదు.

ఒక్క పాత గుర్తు మాత్రం నేను గట్టిగా నమ్ముతాను. చంద్రుడికి గుడి కట్టడం, వరదగుడి అంటారే, అది. మా అమ్మమ్మ "దూరంగా గుడి కడితే దగ్గర్లో వాన, దగ్గరగా కడితే దూరంలో వాన" అనేది. చిన్నప్పుడు తిరకాసు మాట అనుకున్నా. అందులో విషయం ఉంది. పెద్ద గుడి కట్టేది బాగా ఎత్తులో పల్చగా పరుచుకున్న మబ్బు వల్ల. తుపాను తలమీంచి బయటికి చిమ్మిన మబ్బు తెర అది, అసలు మబ్బులకన్నా చాలా ముందు వస్తుంది. చెయ్యి చాపి వేళ్లు బార్లా తెరిస్తే బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఎంతో, చంద్రుడి నుంచి పెద్ద గుడి అంచుకి దాదాపు అంత దూరం. చంద్రుణ్ణి అంటుకుని కట్టే చిన్న గుడి వేరు, అది తక్కువ ఎత్తులో ఉండే నీటి తుంపరల మబ్బు వల్ల. అన్ని గుడులకీ వాన పడదు. చిత్త కార్తె నుంచి జ్యేష్ఠ కార్తె లోపల పెద్ద గుడి కడితే, ఒత్తిడి కూడా తగ్గుతుంటే, అప్పుడు నమ్మొచ్చు.

మన నెత్తి మీద మంచు

ఆ పెద్ద గుడి కట్టే మబ్బులో ఉండేది నీళ్లు కాదండీ, మంచు పలుకులు. వెన్నెల వాటిలోంచి విరిగి వలయంలా కనిపిస్తుంది. అంటే విశాఖ మీదా, అనకాపల్లి మీదా కూడా మంచు ఉంది. ఎక్కడో పైన ఉంది, అంతే. పైకి పోయేకొద్దీ కిలోమీటరుకి ఆరు, ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కింద 26 డిగ్రీలుంటే నాలుగు కిలోమీటర్ల పైన సున్నా. మన తూర్పు కనుమలు అంత ఎత్తు లేవు కాబట్టి మనకది వానగా కరిగి పడుతుంది. అదే మబ్బు ఐదు వేల మీటర్ల కొండ దగ్గరికి వెళ్తే?

వెళ్లింది. హుద్‌హుద్ తీరం దాటాక టీవీలు విశాఖ మీదే ఉన్నాయి, ఉండాల్సిందే. తుపాను మాత్రం ఆగలేదు. బలం తగ్గి, తేమ తగ్గకుండా, ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరప్రదేశ్ వైపు వెళ్లి హిమాలయాలని తాకింది. పడమటి నుంచి వచ్చే చల్లగాలి అక్కడ దానితో కలిసింది. కొండ ఆ తేమనంతా పైకి నెట్టింది. అక్టోబర్ 14, మంగళవారం, నేపాల్‌లో అన్నపూర్ణ చుట్టూ నడిచే దారిలో థొరాంగ్ లా అనే కనుమ, ఎత్తు 5,416 మీటర్లు. అక్టోబర్ అంటే అక్కడ ఆకాశం తేటగా ఉండే నెల, దేశదేశాల నుంచి నడవడానికి వచ్చే రోజులు. వందల మంది దారిలో ఉన్నారు. కొన్ని గంటల్లో నిలువెత్తు మంచు పడింది. కనుమ మీద ఒక చిన్న టీ కొట్టు ఉంటుంది, చాలామంది అందులో తల దాచుకున్నారు, కొందరు దిగిపోదామని బయల్దేరి తెల్లటి గాలిలో దారి తప్పారు. నలభై మందికి పైగా చనిపోయారు. విదేశీయులు, వాళ్ల వెంట నడిచిన నేపాలీ గైడ్లు, కూలీలు, యాక్‌లు కాసుకునే కాపరులు. ఐదు వందల మందికి పైగా బయటికి తెచ్చారు.

విశాఖకీ థొరాంగ్ లాకీ మధ్య 1,200 కిలోమీటర్లు, రెండు రోజులు. మన దగ్గర హెచ్చరిక ముందే వచ్చింది, తీరంలో లక్షల మందిని కదిలించారు, అంత గాలికీ ప్రాణనష్టం తక్కువ. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన రాత్రి పది వేల మందికి పైగా పోయిన రాష్ట్రం మనది, ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి తెలుసు. తుపాను ఉత్తరానికి పోతే కొండల మీద మంచు పడుతుందన్న అంచనా కూడా అప్పటికే ఉంది. కొండ ఎక్కుతున్నవాడికి అది చేరలేదు. ఫోను అందని చోట, ఎవరో ఒకరు టీ కొట్టు తలుపు మీద రాసి పెట్టాల్సిన మాట, ఎవరూ రాయలేదు.

నేను దీన్ని ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, మన ఊళ్లో కూడా అలాంటి కనుమలున్నాయి. సిగ్నల్ లేని కళ్లం, ఫోను లేని ముసలమ్మ, రాత్రి చేలో కాపలా పడుకున్న కౌలు రైతు. పోయినేడాది నుంచి మేం చేస్తున్నది చాలా మామూలు పని. రచ్చబండ దగ్గర పాత బ్లాక్‌బోర్డు ఒకటి పెట్టాం. బులెటిన్ వచ్చిన రోజు ఎవరో ఒకరు నాలుగు ముక్కలు రాస్తారు: వాన ఎప్పుడు, గాలి ఎంత, కోయొచ్చా, ఎన్ని గంటలకి రాశాం. ఆఖరిది ముఖ్యం. నిన్నటి మాట ఇవాళ చదివితే ఏమవుతుందో వాట్సాప్‌లో రోజూ చూస్తున్నాం. మూడేళ్ల కిందటి తుపాను వీడియో ప్రతి నవంబర్లోనూ కొత్తగా వస్తుంది!

బులెటిన్ ఎక్కడ చూడాలంటే, వాతావరణ శాఖ జిల్లాలవారీ వ్యవసాయ బులెటిన్ మంగళవారం, శుక్రవారం వస్తుంది, తెలుగులోనూ ఉంటుంది. మేఘదూత్ యాప్‌లో అదే దొరుకుతుంది. పిడుగులకి దామిని. 2024 అక్టోబర్ 24న పంచాయతీ స్థాయి అంచనాలు కూడా మొదలుపెట్టారు, మేరీ పంచాయత్ యాప్‌లో చూడొచ్చు. పంచాయతీ పేరు కనిపించింది కదా అని మన చేను గట్టు దాకా కొలిచి చెప్పారనుకోకండి. తుపాను దారినే తీసుకుంటే, ఒక రోజు ముందు చెప్పిన చోటుకీ నిజంగా వెళ్లిన చోటుకీ సగటున డెబ్బై, ఎనభై కిలోమీటర్ల తేడా ఉంటుంది. ప్రపంచంలో ఎవరు చెప్పినా ఇంచుమించు అంతే. అనకాపల్లి అని చెప్తే తుని కావచ్చు, విజయనగరం కావచ్చు. ఆ మిగిలిన తేడా మన చెయ్యి, మన ఫోను, మన కళ్లు పూడ్చుకోవాలి.

వాన కొలతలు కూడా చదవడం నేర్చుకోవాలి. "భారీ" అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటడం, "అతి భారీ" అంటే 115.6 నుంచి. మిల్లీమీటర్ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటర్ వాన అంటే నాలుగు వేల లీటర్లు. వంద మిల్లీమీటర్లు అంటే నాలుగు లక్షల లీటర్లు మీ ఎకరంలో పడ్డట్టు. అది పోవడానికి మీ గట్టుకి ఎన్ని గళ్లున్నాయో ఇవాళే వెళ్లి చూడండి. నిలువు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి స్కేలు పెట్టి కొలవండి, వాతావరణ శాఖవాళ్లు కొలిచే గంట అదే. రెండు సీజన్లు రాస్తే, వాళ్లు ముప్పై అన్నప్పుడు మీ చేలో ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది. మా కొండ పక్క చేలకి బులెటిన్ కన్నా ఎక్కువే పడుతుంది, రోడ్డుకి అటువైపు తక్కువ. ఇది ఏ ఉపగ్రహమూ నాకు చెప్పలేదు.

కొయ్యాలా, ఉంచాలా

కశ్మీర్‌లో 2019 నవంబర్ 7న మంచు బాగా పడింది. అక్కడ మంచు కొత్త కాదు. కానీ ఆపిల్ చెట్లకి ఆకు ఇంకా రాలలేదు, కొన్నిటికి కాయలు కూడా ఉన్నాయి. జనవరిలో అయితే మోడు కొమ్మల మీంచి జారిపోయేది. ఆకుల మీద నిలిచిపోయింది. ఆ బరువుకి ఇరవై, ముప్పై ఏళ్ల చెట్లు నడిమికి చీలిపోయాయి. మంచు ఎంత పడుతుందన్నది ఒక ప్రశ్న, చెట్టు ఏ దశలో ఉందన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు తోటలో ఉన్నవాడికే తెలుసు. ముందు తెలిస్తే కాయ దింపుకోవచ్చు, కొమ్మకి కర్ర పోటు పెట్టొచ్చు, పడుతున్నప్పుడే దులపొచ్చు.

మన వరికీ అంతే. గింజ గట్టిపడ్డ చేను నిలబడి తడిస్తే చాలావరకు దక్కుతుంది. కోసి పనల మీద తడిస్తే మొలకే. అందుకే కోసి, కట్టి, కుప్ప వేసి, కప్పడానికి కావలసిన పొడి రోజులు లేకపోతే కొడవలి ముట్టుకోవద్దు. మిషన్‌తో కోస్తే అదే రోజు గింజ ఇంటికి చేరుతుంది, అయితే అది ఆరబెట్టే చోటు ఉందా? రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం వాన పాలు కావడం కూడా చూశాను. ఇప్పటికే కోసేసి ఉంటే పనలు గట్టు మీదికి చేర్చి, వెన్నులు లోపలికి ఉండేలా పేర్చి కప్పండి. తడిసిపోతే లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి వెన్నుల మీద చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తారు, మొలక ఆగుతుంది. మనం మందులు వాడం కదా, ఉప్పేంటి అని అడిగారొకరు. ఉప్పు మందు కాదు గానీ మన వానపాములకి మంచిది కాదు, ఆ పని చేలో చెయ్యకుండా కళ్లంలో చెయ్యండి.

పడిపోయిన చేనుని నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి లేపండి. చెరకుకి జడచుట్లు తుపాను ముందు రోజు హడావుడిగా కాదు, అక్టోబర్ మొదట్లోనే వేసెయ్యాలి. అరటికి వెదురు పోటు, కింది ముదురాకులు నరికేస్తే గాలి పట్టు తగ్గుతుంది.

జీవామృతం గురించి. వాన ఉందంటే పిచికారీ చెయ్యకండి, ఒక రోజు కష్టం కాలవలో పోతుంది. కలిపేసి ఉంటే నీడలో మూత కట్టి ఉంచండి. వాన వెలిసి, నీళ్లు తీసి, నేల ఊపిరి పీల్చుకున్నాక పారించండి. బురదలో నీళ్లు నిలవున్నప్పుడు పోస్తే ఉపయోగం లేదు. తుపాను తర్వాత "ప్రకృతి సేద్యం చేను పడలేదు, పక్క చేను పడింది" అన్న ఫొటోలు తిరుగుతాయి. నేనూ చూశాను, మా ఊళ్లోనూ ఉంది. యూరియా వెయ్యని చేలో కర్ర మరీ ఎత్తు పెరగదు, గట్టిగా ఉంటుంది, కాబట్టి వాలడం తక్కువ. కానీ రకం పొడుగుదైతే మనదీ పడుతుంది. హుద్‌హుద్ లాంటి గాలికి ఎవరి చేను అన్నది ఉండదు. కొత్తవాళ్లకి ఈ మాట చెప్పకుండా ఫొటో ఒక్కటే చూపించడం నాకు నచ్చదు.

చివరిగా ఏజెన్సీ మిత్రుల కోసం. లంబసింగిలో మంచు కురిసిందని ఏటా వార్త. తెలుగులో మనకి అన్నీ మంచే: గడ్డి మీద చెమ్మా మంచే, పొగలా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో పడేదీ మంచే. లంబసింగిలో ఆకాశం నుంచి ఏదీ కురవదు. నేల దగ్గర గాలిలో ఉన్న చెమ్మే గడ్డి మీద గడ్డకడుతుంది. పేరు ఒకటే కావడంతో జాగ్రత్త కూడా మారిపోతుంది. దీన్ని ముందే పసిగట్టడం తుపానుకన్నా సులువు: తుపాను వెళ్లిపోయాక ఉత్తరం నుంచి పొడిగాలి వస్తుంది, ఆకాశం తేటపడుతుంది, చుక్కలు బాగా మెరుస్తాయి, గాలి ఆగుతుంది. ఆ రాత్రి జాగ్రత్త. చల్లగాలి బరువు, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. కొండవాలు మీది కాఫీకన్నా లోయ అడుగున వేసిన రాజ్‌మా, కూరగాయల నారుకి దెబ్బ ఎక్కువ. బులెటిన్‌లో చెప్పే డిగ్రీలు మనిషి ఛాతీ ఎత్తున పెట్టెలో కొలిచినవి. నేల దగ్గర అంతకన్నా కొన్ని డిగ్రీలు తక్కువుంటుంది. నాలుగు అని చెప్తే గడ్డి మీద సున్నా కావచ్చు. సాయంత్రమే తడి ఇచ్చి, నారు మీద గడ్డి కప్పండి. ఎండ ముదిరాక తీసెయ్యండి.

నా పుస్తకంలో ఇప్పుడు రోజూ నాలుగు గీతలు: పదింటి ఒత్తిడి, గాలి దిక్కు, డబ్బాలో వాన, రాత్రి గుడి కట్టిందా లేదా. నిన్న రాత్రి పెద్ద గుడి కట్టింది. ఇవాళ పదింటికి ఒత్తిడి నిన్నటికన్నా ఒక పాయింటే తక్కువ. చేను ఇంకో పది రోజుల్లో కోతకి వస్తుంది. మామయ్య మాత్రం పొద్దున్నే వచ్చి, "ఏరా, నీ చెయ్యి ఏమంటోంది, కూలీలకి చెప్పమంటావా?" అని అడిగారు. శుక్రవారం బులెటిన్ దాకా ఆగమన్నాను.